జాక్ బావర్ లాంటి లీడ్ మీ టీమ్‌లో ఉంటే ఉంచుకుంటారా, పంపించేస్తారా?

శ్రీకాంత్_డెలివరీ:
‘24’ సీరియల్ (ఫాక్స్ ఛానల్, 2001లో మొదలై 2010 దాకా ఎనిమిది సీజన్లు) మీద ఒక మాట. ఒక్కో సీజన్ ఒకే రోజులో, 24 గంటల్లో జరిగే కథ; ఉగ్రవాదుల్ని వేటాడే ఏజెంటు జాక్ బావర్ హీరో. మేనేజర్లు అతని దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. సమాచారం సగమే చేతికొచ్చినా నిర్ణయం వాయిదా వెయ్యడు. శాటిలైట్ చిత్రం కావాలంటే ఆఫీసులో కంప్యూటర్లు చూసే క్లోయీకి ఫోన్ చేస్తాడు తప్ప తను కీబోర్డు లాక్కోడు. తేడా వస్తే నెత్తిన వేసుకుంటాడు. సైట్ ఆగినప్పుడు పెట్టే మన ప్రొడక్షన్ కాల్స్‌లో ఇరవై మంది చేరతారు, ఒక్కరూ నోరు విప్పరు. అక్కడ ఇలాంటోడు ఒక్కడు చాలు.

రాత్రిడ్యూటీ:
‘ఒక్కడు చాలు’ అన్నదే అసలు రోగం. మొదటి ఎపిసోడ్‌లోనే పైఅధికారి జార్జ్ మేసన్‌కి మత్తు సూది పేల్చి, అతని పాత డబ్బు గోల్‌మాల్ బయటపెడతానని బెదిరించి సమాచారం లాగుతాడు. మన భాషలో దీన్ని అప్రూవల్ లేకుండా ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడుతున్న అసలు సిస్టమ్‌లో) చెయ్యి పెట్టడం అంటారు.

అది ఎలా చెడుతుందో చూడండి. రాత్రి రెండింటికి పేమెంట్లు ఆగిపోయాయి. డేటాబేస్ కొత్త కనెక్షన్లు ఇవ్వనంటోంది. బావర్ గారు నేరుగా సర్వర్‌లోకి దూరి, పోస్ట్‌గ్రెస్‌లో (అదే ఆ డేటాబేస్) మ్యాక్స్ కనెక్షన్స్, అంటే ఒకేసారి ఇచ్చే కనెక్షన్ల హద్దు, 100 ఉన్నదాన్ని 500 చేసి రీస్టార్ట్ కొడతారు. సైట్ లేచింది, గ్రూపులో చప్పట్లు. కానీ పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్, ప్రతిదీ కొంత మెమరీ తింటుంది. పొద్దున రద్దీ పెరిగేసరికి మెమరీ చాలక డేటాబేసే కూలబడుతుంది. కనెక్షన్ పట్టుకుని వదలని కోడ్ ఏదో తెలియాలంటే రీస్టార్ట్‌కి ముందే పీజీ స్టాట్ యాక్టివిటీ (ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పట్టిక) చూసి కాపీ తీసుకోవాలి, అదీ పోయింది. చేత్తో మార్చిన కాన్ఫిగ్ రిపోలో (కోడ్ దాచే చోట) లేదు గనక శుక్రవారం కొత్త కోడ్ ఎక్కించే డిప్లాయ్‌మెంట్ దాన్ని తుడిచేస్తుంది. మళ్ళీ రాత్రి రెండు, మళ్ళీ అదే ఫోన్.

సీజన్_పిచ్చి:
ఏ సీజన్ బావర్ గురించి మాట్లాడుతున్నారో ముందు తేల్చండి. మొదటి సీజన్‌లో లాస్ ఏంజిలస్ సీటీయూకి (ఉగ్రవాద నిరోధక విభాగం) అధిపతి. నాలుగో సీజన్ మొదలయ్యేసరికి సీటీయూలోనే లేడు, రక్షణ మంత్రి హెల్లర్ దగ్గర ఉద్యోగం. టీమే లేనివాడు టీమ్ లీడ్ ఎలా అవుతాడు?

శ్రీకాంత్_డెలివరీ:
సీజన్ సంగతి పక్కన పెట్టండి. రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి పోవడం) కొట్టడానికి ముగ్గురి సంతకాల కోసం కూర్చుంటే ఆలోపు కస్టమర్ డబ్బులు పోతాయి. అది ఒప్పుకుంటారా లేదా?

రాత్రిడ్యూటీ:
సంతకాలు కావాలని నేనెక్కడన్నాను? రోల్‌బ్యాక్ అనుమతి పగటిపూటే రన్‌బుక్‌లో (ఏం జరిగితే ఏం చెయ్యాలో చెప్పే కాగితం) రాసి ఉంచాలి. ఆ రాత్రి ఎవర్నీ అడగనక్కర్లేదు.

మీ బావర్ తిరిగే చోటే దీనికి మందు పుట్టింది. 1970లో దక్షిణ కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో 13 రోజుల్లో 16 మంది పోయారు. వచ్చిన ఒక్కో శాఖదీ ఒక్కో భాష, ఎవరి మాట ఎవరు వినాలో తెలీదు. ఆ దెబ్బకే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ (ప్రమాదంలో ఎవరి మాట ఎవరు వినాలో తేల్చే పద్ధతి) తయారైంది. కమాండర్ ఒక్కడే. ఒకరి కింద ముగ్గురి నుంచి ఏడుగురు, కుదిరితే ఐదుగురే. దాన్ని మన కాల్‌కి తెచ్చుకుంటే: కమాండర్ కీబోర్డు ముట్టకూడదు, ఒకరు టైముతో సహా అన్నీ రాస్తుండాలి, ఇంకొకరు 15 నిమిషాలకోసారి బయటివాళ్ళకి కబురు చెప్పాలి, ఒకసారి ఒకే మార్పు. ఇద్దరు రెండు మార్పులు చేస్తే దేనివల్ల బాగైందో బ్రహ్మదేవుడికీ తెలీదు. షిఫ్ట్ మారేటప్పుడు పేరు పెట్టి ‘కమాండ్ ఇప్పుడు నీది’ అని చెప్పి, ‘సరే, నాది’ అన్న జవాబు వినేదాకా కాల్ వదలకూడదు. ఎక్కువ గందరగోళం ఇక్కడే. వెళ్ళేవాడు ఇచ్చేశాననుకుంటాడు, వచ్చినవాడు ఇంకా తీసుకోలేదనుకుంటాడు.

కొత్తకుండ:
అన్నా, 24 గంటలు వాడు పడుకోడా?

సీజన్_పిచ్చి:
ఎపిసోడ్ నిడివి సుమారు 43 నిమిషాలే. ప్రకటనలప్పుడు కూడా గడియారం నడుస్తుంది. మిగిలిన 17 నిమిషాల్లో కునుకు తీశాడేమో! నిజానికి మొదటి సీజన్ అర్ధరాత్రి మొదలవుతుంది, అప్పటికే ఇంట్లో కూతురితో చదరంగం ఆడుతుంటాడు. అంటే ముందు రోజు మెలకువ కూడా కలపాలి.

రాత్రిడ్యూటీ:
నవ్వులాటకి కాదు. 1997లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 17 గంటలు మేలుకున్నవాళ్ళ చురుకు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళ స్థాయికి దిగింది. మన దగ్గర 0.03 దాటితేనే డ్రంకెన్ డ్రైవ్ కేసు. బండి నడపనివ్వని మనిషికి ప్రొడక్షన్ పాస్‌వర్డ్ ఇస్తున్నాం.

శ్రీకాంత్_డెలివరీ:
సీరియల్ నుంచి స్ఫూర్తి తీసుకోమన్నాను, నకలు కొట్టమన్లేదు. ప్రాసెస్ పేరు చెప్పి పని తప్పించుకునేవాళ్ళకి బావర్ నచ్చడులెండి.

రాత్రిడ్యూటీ:
మాట జారకండి. ‘స్ఫూర్తి’ ఎంతదాకా పోతుందో తెలుసా? 2006 నవంబర్లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ డీన్ పాట్రిక్ ఫిన్నెగన్ స్వయంగా ఆ సీరియల్ తీసేవాళ్ళని కలిసి, చిత్రహింస సీన్లు తగ్గించమన్నాడు. హింస పెడితే నిజం కక్కుతాడని తన కేడెట్లే నమ్మేస్తున్నారని ఆయన బాధ. యుద్ధానికి పోయేవాళ్ళే నమ్మితే మన లీడ్స్ నమ్మరా?

పద్మజ_క్యూఏ:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. రాత్రి లేచి మంట ఆర్పినవాడికి అవార్డు, మర్నాడు ఆల్‌హ్యాండ్స్ మీటింగ్‌లో (అందరూ చేరే సభ) పేరు. మూడు నెలల ముందు ఆ కనెక్షన్ లీక్ పట్టుకుని టికెట్ వేసినవాళ్ళకి ‘లో ప్రయారిటీ’ అని ముద్ర. మీ తగువు బావర్ మీద కాదు, ఇంక్రిమెంట్ మీద.

శ్రీకాంత్_డెలివరీ:
సరే, అది నిజమే. కానీ జరగని ప్రమాదాన్ని అప్రైజల్ ఫారంలో ఏ గడిలో రాయమంటారు? డైరెక్టర్‌కి కనపడేది కాల్‌లో ఉన్నవాడే.

రాత్రిడ్యూటీ:
ఒకే కారణంతో రెండోసారి మోగిన అలర్ట్‌లు నెలకి ఎన్నో లెక్కెట్టండి. ఆ లెక్క తగ్గించినవాళ్ళ పేరు రాయండి. రాత్రి మోగిన ప్రతి ఫోన్‌కీ మర్నాడు సగం పూట సెలవు తప్పనిసరి చేయండి. ఖర్చు ఎంతో అప్పుడు డైరెక్టర్‌కీ కనపడుతుంది.

శ్రీకాంత్_డెలివరీ:
సెలవుకి హెచ్‌ఆర్ ఒప్పుకోదు.

పద్మజ_క్యూఏ:
బావర్ అయితే హెచ్‌ఆర్‌ని అడిగేవాడా?

కొత్తకుండ:
అన్నా, పీజీబౌన్సర్ (కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే టూల్) పెడితే ఆ 100 సరిపోయేది కదా?

రాత్రిడ్యూటీ:
ట్రాన్సాక్షన్ మోడ్‌లో (ప్రతి లావాదేవీకీ కనెక్షన్ మారగల పద్ధతి) పెడితే సెషన్ సెట్టింగ్‌లు నిలవవు. లీక్ ఎలాగూ లీకే. దానికి వేరే థ్రెడ్ తెరువు తమ్ముడూ.