ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి మొదటి పుస్తకం: సీ కొనాలా, పైథాన్ కొనాలా?

చంద్రగిరి వాసి:
మా చెల్లెలు తెలుగు మాధ్యమంలో ఇంటర్ పూర్తిచేసి, ఈ ఏడు తిరుపతిలో కంప్యూటర్స్‌తో బీఎస్సీలో చేరింది. ఇంతవరకు ఒక్క ప్రోగ్రాం కూడా రాసి ఎరగదు. పాత పుస్తకాల అంగడిలో ఒక సీ పుస్తకం చవకగా దొరికితే తెచ్చాను. పక్కింటి అన్న చూసి, ఈ కాలంలో సీ దేనికి, పైథాన్ కొనిపెట్టమన్నారు. కొనగలిగింది ఒక్కటే కనుక, ఏది కొనాలో, ఎందుకో పెద్దలు చెప్పగలరు.

పాత ల్యాబు మాస్టారు:
సీ తోనే మొదలుపెట్టించండి. పైథాన్‌లో జాబితాకు ఒక అంకె చేర్చడం ఒక్క మాటతో అయిపోతుంది. ఆ అంకె మెమరీలో ఎక్కడ కూర్చుంది, చోటు చాలకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్న పిల్లల మనసులోకి రానే రాదు. సీ లో అర్రే (మెమరీలో పక్కపక్కన పేర్చిన గదుల వరుస), పాయింటరు (మెమరీలో ఒక చోటి చిరునామా) రాసినవారికి ఆ ప్రశ్న తప్పదు. కెర్నిగన్, సీ భాషను రూపొందించిన రిచీ కలిసి 1978లో రాసి 1988లో సవరించిన 'ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' మూడు వందల పేజీలకు లోపే. ఇప్పుడు అంగళ్లలో తలగడలంత లావున అమ్ముతున్న పుస్తకాల కంటే అది మేలు.

పీలేరు ప్రోగ్రామర్:
మాస్టారూ, మన్నించాలి. ఆ పుస్తకం గొప్పదే, కానీ అది మొదటి పాఠ్యపుస్తకం కాదని, వేరియబుళ్లు, లూపులు (ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించేవి), ఫంక్షన్ల వంటివాటితో కొంత పరిచయం ఉన్నవారికని దాని ముందుమాటలోనే రచయితలు చెప్పుకున్నారు. ఏమీ తెలియని అమ్మాయి చేతిలో దాన్ని పెట్టడం సబబు కాదు.

అంగడిలో కొన్న పుస్తకం సంగతి ఇంకా ముఖ్యం. నేను మొదటి సంవత్సరంలో అలాంటిదే కొన్నాను. అందులోని ప్రోగ్రాములన్నీ పాత డాస్ కాలపు టర్బో సీ అనే కంపైలరు (రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాధనం) కోసం రాసినవి. నా ల్యాప్‌టాప్‌లో జీసీసీ అనే ఇప్పటి కంపైలరుతో మొదటి ప్రోగ్రాం నడపబోతే, టర్బో సీ తో వచ్చే 'కోనియో' అనే హెడర్ ఫైలు లేదని మొదటి వరుసలోనే ఆగిపోయింది. తప్పు నాదేననుకుని వారం రోజులు దాని జోలికి పోలేదు. తరువాత ఇంకొక వింత. ముప్పై వేలకు పదివేలు కలిపితే −25,536 వస్తుందని పుస్తకంలో ఉంది, నాకేమో 40,000 వచ్చింది. టర్బో సీ లో ఇంట్ (పూర్ణాంకాన్ని దాచే రకం) అంటే రెండు బైట్లే కనుక 32,767 దాటితే అంకె తిరగబడుతుందని, జీసీసీలో అది నాలుగు బైట్లని చెప్పేవారు అప్పుడు లేరు.

పైథాన్ అయినా పాతది కొంటే ఇదే గతి. 2008లో వచ్చిన పైథాన్ 3లో, ఫలితాన్ని తెరపై చూపే ప్రింట్ పక్కన బ్రాకెట్లు తప్పనిసరి. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. కాబట్టి పుస్తకం తిరగేసి ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోతే దాన్ని అక్కడే పెట్టేయండి. అసలు కొనకుండానే, ఆలెన్ డౌనీ రాసిన 'థింక్ పైథాన్' నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

పాత ల్యాబు మాస్టారు:
ముందుమాట విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక మాట. కొండకు అలిపిరి మెట్ల మీదుగా పోయినా, శ్రీవారి మెట్టు మీదుగా పోయినా చేరేది ఒకచోటికే అని మీరంటున్నట్టుంది. ఇక్కడ అలా కాదు. పైథాన్‌తో మొదలుపెట్టినవారిలో చాలామంది గాలిగోపురం దగ్గరే కొండ ఎక్కేశామనుకుని దిగివస్తున్నారు. మెమరీ అడుగు దాకా వచ్చేవారిని నా ల్యాబులో తక్కువగా చూశాను.

పీలేరు ప్రోగ్రామర్:
అలిపిరి దగ్గరే చెప్పులు తెగి ఇంటికి పోయినవారిని మీ ల్యాబులో లెక్కపెట్టలేదు కదా మాస్టారూ! అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో అబెల్సన్, సస్‌మన్ అనే అధ్యాపకులు 1985లో తమ పాఠ్యపుస్తకానికి ఎంచుకున్నది సీ కాదు, స్కీమ్ అనే చిన్న భాష. ఆ తరువాత అక్కడి తొలి కోర్సు పైథాన్‌కు మారింది. చంద్రగిరి వారూ, మీ చెల్లెలిని అంగడికి తీసుకెళ్లి, లూపుల పాఠంలో ఒక పేరా చదివించి, తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే, ఎంత పేరున్న పుస్తకమైనా కొనవద్దు.

చంద్రగిరి వాసి:
నిన్న అలాగే చేశాను. సీ పుస్తకంలో రెండో వాక్యం దగ్గరే ఆగిపోయింది. చివరికి ఏదీ కొనకుండా, పీలేరు వారు చెప్పిన ఉచిత పుస్తకాన్ని నా ఫోనులో తెరిచి ఇచ్చాను. రాత్రి వచ్చి, "x అంటే x + 1 అని రాశారు, లెక్కల్లో ఇది తప్పు కదన్నా, పాత x ఎక్కడికి పోయింది?" అని అడిగింది. మాస్టారూ, పిల్లల మనసులోకి రానే రాదని మీరన్న ప్రశ్న ఇదేనా?