కూర ముక్క తగిలితే ముద్ద ఉమ్మేస్తోంది, మూడున్నరేళ్ల పాపకి ఏం పెట్టాలి?

మా పాపకి మూడున్నరేళ్లు, బరువు 12.5 కిలోలు. తినేవి పెరుగన్నం, ఉత్త దోసె, పప్పుకట్టు కలిపిన అన్నం, అరటిపండు. అంతే. కూరగాయలు, ఆకుకూరలు, గుడ్డు ముట్టదు. ఈమధ్య రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. డాక్టరు గారు ఐరన్ చుక్కలు రాశారు, నులిపురుగుల మందు వేయించారు, పాలు తగ్గించమన్నారు. రోజుకి మూడు గ్లాసులు తాగేది, ఇప్పుడు రాత్రి ఒక్కటే. దాంతో అన్నం కాస్త ఎక్కువ తింటోంది కానీ కూరల సంగతి మారలేదు.

రుచి కంటే నాలుకకి తగిలేదే సమస్య అనిపిస్తోంది. టమాటా పప్పులో తొక్క తగిలినా ముద్ద మొత్తం ఉమ్మేస్తుంది. పాలకూర రుబ్బి దోసె పిండిలో కలిపితే రంగు చూసే పక్కకి నెట్టేసింది. ఇడ్లీలో క్యారెట్ తురుము వేస్తే ఓపిగ్గా ఏరి పడేసింది. మునగాకు పొడి నెయ్యితో కలిపి పెడితే ఒక్క ముద్దతో ఆపేసింది. బెల్లం వేసిన రాగిజావ తాగుతుంది, అదొక్కటే ఊరట. ఫోన్ చూపిస్తే నోరు తెరుస్తుంది గానీ ఏం తింటోందో దానికే తెలియదు, అందుకే మానేశాం. (మా అత్తగారు మాత్రం ఇప్పటికీ ఫోనే మేలంటారు.)

భోజనం మధ్యాహ్నం 12:30కి, రాత్రి 7:30కి. మధ్యలో బిస్కెట్లు ఇవ్వట్లేదు. మింగడంలో ఇబ్బంది, వాంతులు, మలబద్ధకం ఏమీ లేవు.

ఇలా ముక్క తగిలితే ఉమ్మేసే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, వాళ్లు మొదట ఒప్పుకున్న కూరగాయ ఏది, దాన్ని ఎలా వండి పెట్టారు?