ఒత్తిడి నిర్వహణ తరగతులు: ఉద్యోగుల అంచనాలను ముందే తెలుసుకోవాలా?

ప్రశ్న (మానవ వనరుల విభాగం, రుషికొండ):
మా ఐటీ సంస్థలో త్వరలో ఒత్తిడి నిర్వహణ తరగతులు మొదలవుతున్నాయి. కొందరు ఇది తూతూమంత్రమని తేల్చేశారు, మరికొందరు దీనితో పనిభారమే తగ్గుతుందని ఆశిస్తున్నారు. ఈ అంచనాలు ఫలితాన్ని నిజంగా మారుస్తాయా?

జవాబు (మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు):
తప్పకుండా మారుస్తాయండీ. తన ప్రయత్నం ఫలిస్తుందన్న నమ్మకం, ఆ ఫలితం తనకు విలువైనదన్న భావన రెండూ ఉన్నప్పుడే మనిషి శ్రమిస్తాడని మనస్తత్వశాస్త్రవేత్త విక్టర్ వ్రూమ్ 1964లో ప్రతిపాదించారు. నమ్మకం లేనివారు సాధన చేయరు, చేయనందువల్ల మేలు పొందరు, ఆ మాటే పక్కవారికీ చెబుతారు. అయితే అతిగా ఆశ పెట్టడం అంతకన్నా ప్రమాదకరమని నా అభిప్రాయం. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, తన పనిపై నిర్ణయాధికారం తక్కువగా ఉన్నచోటే ఉద్యోగి నలిగిపోతాడని పరిశోధకుడు రాబర్ట్ కరసెక్ 1979లో చూపారు. ఇలాంటి తరగతుల్లో నేర్పే శ్వాస వ్యాయామం ఆ అధికారాన్ని ఇవ్వజాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా వ్యక్తిగత శిక్షణతో పాటు పని పరిస్థితుల్లో మార్పులను, మేనేజర్లకు శిక్షణను సిఫారసు చేశాయి.

జవాబు (షిఫ్టు ఉద్యోగి, గాజువాక):
మేడమ్ గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. నైట్ షిఫ్టు దిగినవారిని నిద్ర మాన్పించి తరగతిలో కూర్చోబెడితే, యాజమాన్యానికి మా అలసట పట్టదని మేము అర్థం చేసుకుంటాము. అక్కడ చెప్పుకున్న బాధ సూపర్‌వైజర్‌కు చేరదన్న హామీ లేకపోతే ఎవరూ నోరు విప్పరు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. పేరు రాయనవసరం లేని ప్రశ్నపత్రం ముందుగా ఇచ్చి, ఈ తరగతులతో ఏది మారుతుందో, ఏది మారదో స్పష్టంగా చెబుతాము. పనిగంటల విషయాన్ని విడిగా యాజమాన్యం ముందుంచుతాను.