అప్‌డేట్: పాత టకోమాతో వైట్ రిమ్ దారి చుట్టి వచ్చాం

1998 నాటి టొయోటా టకోమా పికప్ ట్రక్కు కొన్నాను, బాగుచేయడానికి 3,000 డాలర్లే ఉన్నాయి, ముందుగా బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించాలా అని వసంతకాలంలో ఇక్కడ అడిగాను. "ముందు బండి కింద దూరి చూడండి" అన్నవారికి నా నమస్కారాలు.

చూస్తే ముందు చక్రాల దిగువ బాల్ జాయింట్లు (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీళ్లు) పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. ఈ తరం టకోమాలో అవి ఊడితే చక్రం ఒరిగిపోతుంది. కొండ అంచున అలా జరిగి ఉంటే? తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది. రెండూ మార్చాను. గేర్‌బాక్సు, డిఫరెన్షియళ్ల ఆయిల్ కూడా మార్చాను.

లిఫ్ట్ మానేశాను. 31 అంగుళాల ఆల్ టెరైన్ (రోడ్డు మీదా, మట్టి రాళ్ల దారుల్లోనూ నడిచే) టైర్లు అది లేకుండానే సరిపోయాయి. మిగిలిన డబ్బుతో చిన్న ఎయిర్ కంప్రెసర్, బండిని లాగే పట్టీ కొన్నాను.

అక్టోబరులో ముందుగా అనుమతి తీసుకుని, యూటాలోని కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ పార్కులో 100 మైళ్ల వైట్ రిమ్ మట్టి దారిని రెండు రాత్రులు ఆగుతూ పూర్తి చేశాం. టైర్లలో గాలి 35 నుంచి 20 పీఎస్‌ఐకి దింపగానే కుదుపులు ఎంత తగ్గాయో! రెండో రోజు తెల్లవారుజామున ఎర్రటి లోయ మీద వెలుగు పాకుతుంటే మా అమ్మాయి మాట్లాడకుండా అలాగే నిలబడిపోయింది.

నీళ్ల డబ్బాలు, సామాను ఎక్కించాక వెనుక భాగం బాగా కుంగింది. వెనుక బరువు మోసే కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) మొత్తం మార్చాలా, అదనంగా ఒక్కో పట్టీ వేస్తే చాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.