పట్టీ నంబర్లు మధ్యలో ఎగిరిపోతున్నాయి, ఆటోనంబర్ పీకేయాలా?

పట్నంబజార్_కొట్టు:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు యార్డులో మిర్చి కమీషన్ కొట్టు. రైతుకిచ్చే పట్టీలు, హమాలీ, అడ్వాన్సులు, లెక్కంతా మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్ యాక్సెస్ 2016లోనే. మా మేనల్లుడు ఇంజినీరింగ్ సెలవుల్లో చేసిపెట్టాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఫోనెత్తడు. పట్టీ నంబరుకి ఆటోనంబర్ పెట్టాడు. నిన్న వరసగా చూసుకుంటా పోతే 6412, 6413 లేవు. 6418 లేదు. 6431 నుంచి 6433 దాకా మూడూ లేవు. ఆటోనంబర్ తీసేసి వీబీఏ (యాక్సెస్‌లో రాసే కోడు) రాస్తే వరస తప్పకుండా వస్తాయా? కావాలంటే మే నెల యార్డు సెలవుల్లో నేనే కూర్చుని నేర్చుకుంటా.

కృష్ణలంక_క్వెరీ:
తప్పు మీ మేనల్లుడిదే. ఆటోనంబర్ వరస నంబర్ కాదండీ. ఏ రికార్డు ఏదో పోల్చుకోడానికి యాక్సెస్ తనకోసం పెట్టుకునే గుర్తు, అంతే. అసలది మనిషి కంట పడకూడదు. కొత్త పట్టీలో మొదటి అక్షరం కొట్టగానే ఒక నంబర్ ఖర్చయిపోతుంది. రైతు పేరు సగం కొట్టి, ఈయన కాదులే అని ఎస్కేప్ నొక్కారనుకోండి, రికార్డు పోతుంది, నంబర్ వెనక్కి రాదు. మీరు చేయాల్సిందల్లా, పట్టీ నంబరుకి మామూలు నంబర్ ఫీల్డు ఇంకోటి పెట్టి, ఫారం 'బిఫోర్ అప్‌డేట్'లో డీమ్యాక్స్‌తో ఇప్పటిదాకా ఉన్న పెద్ద నంబర్ తెచ్చి దానికి ఒకటి కలపడం. సేవ్ అయ్యే క్షణంలో నంబర్ పడుతుంది కాబట్టి మధ్యలో వదిలేసినా నష్టం లేదు. పదిహేనేళ్లుగా ఇదే చెప్తున్నా, వినేవాడు లేడు.

ఆటోనగర్_స్పేర్స్:
ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కొనుక్కోండి, గొడవొదిలిపోద్ది.

బ్రాడీపేట_ఆడిట్:
ఎస్కేప్ నొక్కానంటే ఆఫీసరు వింటాడా? సీజీఎస్టీ నిబంధన 46 చదవండి. ఇన్వాయిస్‌కి వరస నంబర్ ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. మీ 6418 ఏదీ అంటే ఏం చూపిస్తారు?

కృష్ణలంక_క్వెరీ:
ఆడిట్ గారూ, ఆయన అడిగింది పట్టీ. అది రైతుకిచ్చే లెక్క. ఇన్వాయిస్ సరుకు కొన్నవాడికిచ్చేది. ఆ రెండూ ఒకటి కాదు.

బ్రాడీపేట_ఆడిట్:
నేను ఒకటని ఎక్కడన్నాను? నంబరింగ్ విషయంలో క్రమశిక్షణ అంటున్నా. పట్టీలో లేని క్రమశిక్షణ ఇన్వాయిస్‌లో ఎక్కణ్నుంచి వస్తుంది?

మంగళగిరి_ల్యాబ్:
క్వెరీ గారూ, డీమ్యాక్స్ అంత తేలిగ్గా చెప్పేశారు. కొట్లో ఎన్ని కంప్యూటర్లున్నాయో అడిగారా? ఇద్దరు ఒకేసారి సేవ్ కొడితే ఇద్దరికీ 6440 వస్తుంది. ఆ ఫీల్డుకి డూప్లికేట్లు రానివ్వని ఇండెక్స్ పెట్టి, రెండోవాడికి ఎర్రర్ వస్తే మళ్లీ నంబర్ తెచ్చుకునేలా రాయాలి. ఇంకో మాట. ఒకే ఫైలుని రెండు కంప్యూటర్లలో, అందులోనూ వైఫై మీద తెరుస్తుంటే నంబర్లు కాదు, ఏదో ఒకరోజు ఫైలే పోతుంది. టేబుళ్లు ఒక ఫైల్లో, ఫారాలు ఎవరి కంప్యూటర్లో వాళ్లకి ఇంకో ఫైల్లో పెట్టి లింకు చేసుకోండి.

కృష్ణలంక_క్వెరీ:
యూనిక్ ఇండెక్స్ సంగతి రెండో పోస్టులో చెబుదామనుకున్నా. తొందరపడ్డారు మేడమ్.

ఏసీ_గుమాస్తా:
ఎస్కేప్‌కే పోతాయండీ ఆ నంబర్లు. సీజన్లో కొట్టు ముందు ఇరవై మంది రైతులు నిలబడితే ఎన్నిసార్లు నొక్కుతామో మాకే తెలీదు.

పట్నంబజార్_కొట్టు:
కంప్యూటర్లు రెండు. పెద్దది నా దగ్గర, రెండోదాంట్లో గుమాస్తా కొడతాడు. డీమ్యాక్స్ బాగుంది, పెడతాను. కానీ ఇంకో ప్రశ్న. సేవ్ అయిన రికార్డుని ఎవరన్నా తర్వాత తీసేస్తే, ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలిసే దారి యాక్సెస్‌లో ఉందా?

కృష్ణలంక_క్వెరీ:
ఉంది. యాక్సెస్ 2010 నుంచి డేటా మాక్రోలని వచ్చాయి. ఫారానికి కాదు, టేబుల్‌కే తగిలిస్తాం. 'ఆఫ్టర్ డిలీట్' తీసుకుని, పోయిన పట్టీలోని పాత విలువలు, తేదీ, టైము ఇంకో టేబుల్లో రాయించండి. ఫారంలోంచి తీసినా, టేబుల్ తెరిచి వరస (రో) మొత్తం ఎత్తేసినా అది నడుస్తుంది. దీని ముందు వీబీఏ కూడా చాలదు, ఎందుకంటే ఫారంలో రాసిన కోడు ఫారంలోంచి తీస్తేనే పలుకుతుంది. ఒక్క తిరకాసుంది. 'ఎవరు' అన్నదానికి కరెంట్‌యూజర్ వాడకండి. ఇప్పటి యాక్సెస్ ఫైలైన ఏసీసీడీబీలో అది ఎవరు కూర్చున్నా 'అడ్మిన్' అనే చెప్తుంది. పాత రకం ఫైలు ఎండీబీలో ఉండే యూజర్ సెక్యూరిటీ 2007లో ఈ కొత్త ఫైలు వచ్చినప్పుడే తీసేశారు. విండోస్ లాగిన్ పేరు తీసుకోవాలి. అందరూ ఒకే లాగిన్‌తో కూర్చునే కొట్టైతే ఆ లాగుకి (ఎవరేం తీశారో రాసే చిట్టాకి) విలువ లేదు.

ఏసీ_గుమాస్తా:
ఇదన్నమాట సంగతి. నంబర్ల గోల కాదిది. కొట్టు బాబాయ్, సూటిగా చెప్పండి, గుమాస్తాని అనుమానిస్తున్నారు గదా?

పట్నంబజార్_కొట్టు:
నేనెవర్నీ దొంగ అనలేదు. లెక్క తేలేదాకా ఈ నెల జీతం ఆపానంతే. కొట్టు నాది, డబ్బు రైతులది. 6418 పట్టీ రాసి, డబ్బు చేతిలో పెట్టి, తర్వాత చెరిపేస్తే నాకెట్టా తెలుస్తుంది?

ఆటోనగర్_స్పేర్స్:
ట్యాలీలో ఎడిట్ లాగ్ (ఎవరేం మార్చారో రాసే చిట్టా) ఉంటది.

బ్రాడీపేట_ఆడిట్:
ఆ ఎడిట్ లాగ్ తప్పనిసరైంది 2023 ఏప్రిల్ 1 నుంచి, అదీ కంపెనీలకి. ఈయనది కంపెనీ కాదు. కానీ పట్టీ రద్దయితే రద్దయిందని రాయాలి, మాయం చేయకూడదు. ఇన్వాయిస్‌లకైతే జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) 13వ పట్టికలో ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా, అందులో రద్దయినవెన్ని అని చెప్పాలి.

ఏసీ_గుమాస్తా:
పదమూడో పట్టిక సంగతి తర్వాత చూద్దురుగాని. జీతం ఆపడమంటే 'అంతే' అంటారేంటి? నేను ఒక ఏసీలో నాలుగేళ్లు పనిచేశా. (గుంటూరు కానివాళ్లకి, ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ.) 40 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి లెక్కలో తక్కువొచ్చిందన్నారు. కంప్యూటర్లో లాటు లేదు, కొట్టేది నువ్వే, కాబట్టి నువ్వే అన్నారు. రెండు నెలల జీతం పట్టుకున్నారు. మానేసి వచ్చేశా. మళ్లీ సీజన్లో ఆ టిక్కీలు ఇంకో ఛాంబర్లో ఉన్నాయట, లాటు నంబర్ తప్పు పడింది. తప్పు కొట్టింది ఓనరు గారి కొడుకు. అదీ నాకు ఎవరో ఫోన్ చేసి చెప్పలేదు, హమాలీ ఒకాయన టీ కొట్టు దగ్గర కనబడి చెప్పాడు. ఆ జీతం ఇప్పటిదాకా రాలేదు. కంప్యూటర్లో లేకపోతే గుమాస్తా తినేసినట్టే. ఓనరు వేలు పెట్టి తీసేసినా అది 'సర్దుబాటు'.

కృష్ణలంక_క్వెరీ:
ఆవేశాలు పక్కన పెట్టి ఆధారం చూద్దాం. ఎస్కేప్‌కి పోయిన నంబరూ, సేవ్ చేశాక తీసేసిన నంబరూ టేబుల్లో ఒకేలా కనబడతాయి, ఖాళీగా. నంబర్ లేదన్న ఒక్క ముక్కతో ఏదీ తేలదు. రిలేషన్‌షిప్స్ తెరవండి. పట్టీకీ, దాని కింది సరుకు వరసలకీ మధ్య ఇంటెగ్రిటీ టిక్కు (పట్టీ లేని వరసలు మిగలనివ్వనిది) ఉండి, క్యాస్కేడ్ డిలీట్ టిక్కు (పట్టీతోపాటు వరసల్నీ తీసేసేది) లేకపోతే, వరసలున్న పట్టీని యాక్సెస్ తీసేయనివ్వదు. ముందు వరసలు తీయాలి. ఆ టిక్కు ఉంటే మాత్రం ఒక్క నొక్కుకి అన్నీ పోతాయి. రెండోది, బ్యాకప్ ఉందా?

మంగళగిరి_ల్యాబ్:
కంప్యూటర్ దాకా ఎందుకండీ, కాటా చీటీలు లేవా? ఆ రోజుల కాటా చీటీలూ పట్టీలూ ఎదురెదురు పెట్టి చూడండి. ఎక్కువొచ్చిన కాటా చీటీ ఉంటే అప్పుడడగండి గుమాస్తాని.

పట్నంబజార్_కొట్టు:
క్యాస్కేడ్ టిక్కు ఉంది. పెన్‌డ్రైవ్ కాపీ శనివారం శనివారం తీస్తా. చీటీలు రాత్రి చూస్తా.

ఆటోనగర్_స్పేర్స్:
పెన్‌డ్రైవా!

(మర్నాడు)

పట్నంబజార్_కొట్టు:
రాత్రి పదకొండు దాకా కూర్చున్నా. 6412, 6413 రోజున కాటా చీటీలన్నిటికీ పట్టీలున్నాయి, మిగిలిందేమీ లేదు. 6431 నుంచి 6433 రోజు గుమాస్తా లేడు, తెనాలిలో పెళ్లికెళ్లాడు. ఆ రోజు కొట్టింది నేనే. అద్దాలు మర్చిపోయి వచ్చా ఆ రోజు. 6418 రోజు చీటీల కట్ట ఇంకా దొరకలేదు.

ఏసీ_గుమాస్తా:
మరి జీతం?

పట్నంబజార్_కొట్టు:
పొద్దున్నే ఇచ్చేశా. అడగకముందే ఇచ్చా, రాసిపెట్టుకో. డేటా మాక్రో మాత్రం పెడతా. గుమాస్తాకి వేరే విండోస్ లాగిన్ కూడా చేయిస్తా.

ఏసీ_గుమాస్తా:
పెట్టండి, మంచిదే. మరి మీ పెద్ద కంప్యూటర్లో తీసేసినవి కూడా అదే లాగులో పడతాయా? ఆ లాగు గుమాస్తా చూడొచ్చా?

పట్నంబజార్_కొట్టు:
నా కొట్లో నేను తీసేసినదానికి గుమాస్తాకి చెప్పుకోవాలా? ఇదేం న్యాయమయ్యా?

కృష్ణలంక_క్వెరీ:
డేటా మాక్రోకి ఓనరు ఎవరో గుమాస్తా ఎవరో తెలీదండీ. టేబుల్‌కి తగిలిస్తే అందరివీ పడతాయి. మీ ఒక్కరివీ వదిలేయాలంటే దానికి మళ్లీ షరతు రాయాలి. నేనైతే రాసివ్వను.

మంగళగిరి_ల్యాబ్:
నేనూ రాసివ్వను.

పట్నంబజార్_కొట్టు:
సరే, మేనల్లుడు ఫోనెత్తితే వాడితో రాయించుకుంటా.

ఏసీ_గుమాస్తా:
6418 చీటీల కట్ట ఎవరి బీరువాలో ఉందో అదొక్కటి చెప్పండి బాబాయ్.

బ్రాడీపేట_ఆడిట్:
ఇంతకీ 6418 పట్టీయేనా, ఇన్వాయిసా?