‘ఛార్జ్’ అనే ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

ప్రశ్న

నమస్కారమండీ. నేను పిల్లల కథ ఒకదాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదిస్తున్నాను. అందులో ఒక ఆయా సాయంత్రం పూట ‘హర్ టూ ఛార్జెస్’ను వెంటబెట్టుకుని తోటలోకి వెళ్తుంది. ఛార్జీలంటే రుసుములే కదా అనుకుని ‘తనకు రావలసిన రెండు రుసుములు తీసుకుని’ అని రాశాను. తరువాతి పేరాలో ఆ ‘ఛార్జెస్’ ఇద్దరూ బంతి కోసం కొట్లాడుకోవడం చదివిన తరువాత గాని నా పొరపాటు నాకు తెలియలేదు. బస్సు ఛార్జీ, ఫోన్ ఛార్జింగ్, ఛార్జిషీటు, లాఠీఛార్జి, ఇన్‌ఛార్జి అంటూ ఈ మాటను రోజూ వాడుతూనే ఉన్నాను. వీటన్నిటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందా, లేక వేరువేరు మాటలు ఒకే స్పెల్లింగులో కలిసిపోయాయా? ఏ చోట ఏ అర్థం తీసుకోవాలో పోల్చుకునే పద్ధతి ఉంటే దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

ఇవన్నీ ఒకే మాటండీ. లాటిన్‌లో ‘కార్రస్’ అంటే బండి. బండికి సరుకు ఎత్తడం అనే అర్థంలో దాని నుంచి ‘కార్రికారే’ అనే క్రియ పుట్టి, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి ‘ఛార్జ్’ అయింది. కార్, క్యారీ, కార్గో దీనికి దాయాదులే. ముక్కునో చెవులనో పెంచి గీసే క్యారికేచర్ కూడా ఈ ఇంటిదే, ఎందుకంటే ఇటాలియన్‌లో దాని మూలార్థం బరువెక్కించడమే.

కాబట్టి అసలు అర్థం బరువు ఎత్తడం. ఆ బరువు ఎవరి మీద, ఏ రూపంలో పడిందన్న దాన్నిబట్టి మిగిలిన అర్థాలు వచ్చాయి. డబ్బు రూపంలో పడితే రుసుము, పని రూపంలో పడితే బాధ్యత, నేరం రూపంలో పడితే అభియోగం. మీ కథలోని ఆయాకు ఆ పిల్లలిద్దరూ ఆమె భుజాన పెట్టిన బరువు, అంటే ఆమె సంరక్షణకు అప్పగించినవారు.

ఇది ఇంగ్లీషుకే ప్రత్యేకమైన ఊహ అనుకోనక్కరలేదు. నేరం ‘మోపడం’ అని మనమూ అంటాం. కట్టెల మోపులో ఉన్నదీ, మోయడంతో చుట్టరికం ఉన్నదీ ఆ మాటే. ‘ఆరోపణ’కు కూడా సంస్కృతంలో మూలార్థం మీదికి ఎక్కించడమే. ఈ పోలిక గమనించిన నాటి నుంచి ‘ఛార్జ్’ నాకు పరాయి మాటలా అనిపించడం లేదు.

రెండో జవాబు

పై జవాబుకు రెండు విషయాలు చేరుస్తాను. తుపాకీలో మందు దట్టించడాన్ని కూడా ‘ఛార్జ్’ అనే అనేవారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1749లో రాసిన ఒక లేఖలో, 11 గాజు పలకలకు ఇరువైపులా పలుచని సీసపు రేకులు అంటించి, వాటన్నిటినీ కలిపి విద్యుత్తు నింపే సాధనాన్ని వర్ణించి, దాన్ని ‘బ్యాటరీ’ అని పిలిచాడు. అంతవరకు బ్యాటరీ అంటే ఫిరంగుల వరుస. ఈనాడు మనం ఫోన్ బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టామంటున్నప్పుడు ఆ రెండు మాటల వెనుకా ఫిరంగులే ఉన్నాయన్నమాట. శత్రువు మీదికి దూసుకెళ్లడం అనే అర్థం కూడా ఆయుధాన్ని నింపి సిద్ధం చేయడం నుంచే వచ్చి ఉండవచ్చునని నిఘంటుకారులు భావిస్తారు. లాఠీఛార్జిలో ఉన్నది ఆ అర్థమే.

మన భౌతికశాస్త్ర పుస్తకాలు మాత్రం బరువును వదిలి వేరే దారి పట్టాయి. అక్కడ ఛార్జ్ అంటే ‘ఆవేశం’, అంటే లోపల ప్రవేశించడం. ఒంట్లోకి పూనకం వచ్చినట్టు వస్తువులోకి విద్యుత్తు ప్రవేశించిందన్న ఆ ఊహ నాకెంతో ఇష్టం.

మూడో జవాబు

పద్ధతి అడిగారు కనుక చెబుతున్నాను. మాట పక్కన ఉన్న చిన్న మాటను చూడండి. ‘ఛార్జ్ ఫర్’ అంటే వెల, ‘ఛార్జ్ ఎట్’ అంటే మీదికి దూకడం. అసలు చిక్కు ‘ఛార్జ్‌డ్ విత్’ దగ్గర వస్తుంది. దాని తరువాత హత్య ఉంటే అభియోగం, పని ఉంటే అప్పగింత. ‘హి వాజ్ ఛార్జ్‌డ్ విత్ గార్డింగ్ ది గేట్’ అన్న వాక్యానికి ‘గేటుకు కాపలా కాసిన నేరం మోపారు’ అనే అనువాదాన్ని నేను అచ్చులోనే చదివాను. ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’, ‘ఇన్ ది ఛార్జ్ ఆఫ్’ అనేవి మరింత జాగ్రత్తగా చూడవలసినవి. మొదటిది చూసుకునే మనిషి గురించి చెబుతుంది, రెండోది ఆ మనిషి చేతిలో ఉన్నవారి గురించి చెబుతుంది. నడుమ ఒక్క ‘ది’ చేరితే ఆయా స్థానంలోకి పిల్లలు వచ్చేస్తారు.

నేరం విషయంలో తెలుగు మాట ఎంచుకునేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఎవరైనా ఎవరి మీదైనా చేసేది ఆరోపణ, చట్టప్రకారం నమోదయ్యేది అభియోగం. కోర్టు సన్నివేశంలో ‘ఛార్జ్’ వస్తే అభియోగమే రాయండి.

‘డిశ్చార్జ్’ను కూడా బరువు దించడంగా చూస్తే చాలు. ఆసుపత్రి నుంచి రోగిని పంపడం, తుపాకీ పేల్చడం, అప్పు తీర్చడం, బ్యాటరీ అయిపోవడం అన్నీ ఒకే దారిలోకి వస్తాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలండీ. ఆ వాక్యాన్ని ‘తన సంరక్షణలో ఉన్న ఇద్దరు బాలలను వెంటబెట్టుకుని’ అని మార్చాను. సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

అర్థం సరిగ్గా ఉంది. కాని చదివేది పిల్లలు కనుక ‘సంరక్షణ’, ‘బాలలు’ కొంచెం బరువుగా ఉన్నాయి. ‘తనకు అప్పజెప్పిన పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని’ అంటే కథలో ఇమిడిపోతుంది.