‘క్రూయెల్టీ’ని ‘క్రూరత్వం’ అంటే సరిపోతుందా?

గుంటూరు అనువాదకురాలు:
విడాకుల అర్జీలను తెలుగు చేయడం నా పని. ఈమధ్య ఒక అర్జీలో ‘మెంటల్ క్రూయెల్టీ’ని ‘మానసిక క్రూరత్వం’ అని రాసి చదివి వినిపిస్తే, అర్జీదారైన భార్య నొచ్చుకున్నారు. “ఆయన నా మీద ఏనాడూ చెయ్యి చేసుకోలేదమ్మా, ఏళ్ల తరబడి పలకరించలేదు, అంతే. క్రూరుడని రాయకండి” అన్నారు. హిందూ వివాహ చట్టంలో 1976 సవరణ నుంచి విడాకులకు క్రూయెల్టీ ఒక కారణమే గాని, దానికి నిర్వచనం అక్కడ లేదు. మీరైతే ఏమని రాస్తారు?

పత్రికా ఉపసంపాదకుడు:
భార్య పట్ల భర్త, అత్తింటివారు చూపే క్రూయెల్టీపై ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 498ఎ సెక్షన్ కింద పెట్టే కేసులను మేము మొదటినుంచీ ‘వేధింపుల కేసు’ అనే రాస్తున్నాం. 1983లో చేర్చిన ఆ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు వచ్చాయి. అయితే అక్కడ వేధింపు క్రూయెల్టీలో ఒక భాగం మాత్రమే. స్త్రీని ఆత్మహత్యకు పురికొల్పేంతటి ప్రవర్తన కూడా అందులోకే వస్తుంది కాబట్టి, మా మాట శీర్షికకు చాలుతుంది, తీర్పుకు చాలదు.

సంస్కృతోపాధ్యాయుడు:
ఆమె నొచ్చుకోవడానికి కారణం మాటలోనే ఉంది. ‘క్రూర’ శబ్దానికి పచ్చిమాంసం, నెత్తురు అన్న అర్థాలతో చుట్టరికం ఉంది. రాక్షసుణ్ణి క్రవ్యాదుడు, అంటే పచ్చిమాంసం తినేవాడు, అనడం అందుకే. విశేషమేమిటంటే, ‘క్రూయెల్’కు మూలమైన లాటిన్ మాటకూ పచ్చిది అనే అర్థం, రెండూ ఒకే ప్రాచీన ధాతువు నుంచి పుట్టినవే. ఇంగ్లీషులో ఆ నెత్తుటి వాసన ఆరిపోయింది గనుక చలిగాలిని కూడా క్రూయెల్ అంటారు. మనకు క్రూరుడంటే ఇప్పటికీ కోరలున్నవాడే.

పశువైద్యుడు:
నా అనుభవమూ అదే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం మితిమీరిన బరువు వేయడం, చాలినంత మేత, నీళ్లు పెట్టకపోవడం కూడా క్రూయెల్టీయే. లారీలో గేదెలను కుక్కిన మనిషిని క్రూరుడివంటే కొట్టడానికి వస్తాడు. “మూగజీవాలను హింస పెడుతున్నావయ్యా” అంటే తల దించుకుంటాడు. ‘హింస’ అని రాయండి.

న్యాయవాది:
డాక్టరు గారూ, మాట బాగుంది గాని ఒక చిక్కు ఉంది. 2005 గృహ హింస చట్టంలో ‘వయొలెన్స్’ను మనం ఇప్పటికే హింస అన్నాం. రెండు చట్టాలూ ఒకే అర్జీలో వస్తే ఏది ఏదో తేలదు. నేను చట్టపు మాటగా ‘క్రూరత్వం’ ఉంచి, జరిగినదాన్ని బాధితురాలి మాటల్లోనే రాస్తాను.

గుంటూరు అనువాదకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. సెక్షన్ ఉదహరించిన వాక్యంలో మాత్రమే ‘క్రూరత్వం’ ఉంచి, మిగతా చోట్ల ‘పలకరించకుండా మనసును హింసించారు’ అని మార్చాను. ఆమె రెండుసార్లు చదివించుకుని, “ఇది నిజం” అని సంతకం చేశారు.